తులసీదాస్ బలరాం: 27 ఏళ్లకే బూట్లు విప్పేసిన సికింద్రాబాద్ ఫార్వర్డ్

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. స్కూల్ టీంలో ఫార్వర్డ్ ఆడతాడు. "తులసీదాస్ బలరాం అంతటి ఆటగాడు మన సికింద్రాబాద్ నుంచే వెళ్లాడు" అని వాళ్ల కోచ్ అన్నారట. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. ఆయన నిజంగా అంత గొప్పవాడా? అయితే 27 ఏళ్లకే ఎందుకు మానేశారు? ఫుట్‌బాల్‌నే నమ్ముకుంటే ఫార్వర్డ్ జీవితం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదన్నారు. అందులో మీ తప్పేం లేదు. చెప్పాల్సిన మేమే చెప్పలేదు.

నా సంగతి ఒక్క ముక్క. 80ల్లో ఇక్కడి లీగుల్లో ఫార్వర్డ్‌గా ఆడాను. ఆట పుణ్యమా అని ఉద్యోగం దొరికింది. మోకాలు పోయాక పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే పని. బలరాం ఆట నేను కళ్లారా చూడలేదు. నేను బంతి తన్నడం నేర్చేనాటికి ఆయన మానేసి చాలా ఏళ్లయింది. కానీ ఆయనతో ఆడినవాళ్లూ, ఆయన మీద ఆడి ఓడినవాళ్లూ గ్రౌండ్ గట్టు మీద కూర్చుని చెబుతుంటే విన్నాను. ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూలు దొరికినన్ని చదివాను. నేను రాసేది ఆ బలంతోనే.

మల్కాజిగిరి నుంచి బొల్లారం వెళ్లే రైలు దారిలో అమ్ముగూడ అని స్టేషన్ ఉంది కదా, బలరాం ఆ ఊళ్లోనే పుట్టారు, 1936లో. చుట్టూ మిలిటరీ వాతావరణం. సాయంత్రమైతే సిపాయిలు ఆడేవాళ్లు, పిల్లలు గట్టు మీద నిలబడి చూసేవాళ్లు. కంటోన్మెంట్ ప్రాంతాల్లో ఫుట్‌బాల్ అలాగే అంటుకుంటుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఇల్లు పేదది. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో ఒక చెప్పులు కుట్టేవాడి చేత తన మొదటి ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నానని, అందుకు అమ్మను బతిమాలి రెండు రూపాయలు తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నారు.

ఈ బూట్ల కథ విని అయ్యో పాపం అనుకుని వదిలేయకండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాక గానీ బూట్లు వేసుకుని తీరాలన్న పట్టుదల మన ఫుట్‌బాల్ పెద్దలకు రాలేదు. అంటే బలరాం టీనేజీలోకి వచ్చేసరికి దేశం మొత్తం ఉత్త కాళ్ల నుంచి బూట్లలోకి మారుతోంది. ఉత్త కాలితో బంతి ఆపడం వేరు, తోలుబూటుతో ఆపడం వేరు. పాతకాలపు పెద్ద పెద్ద ఆటగాళ్లే ఆ మార్పుకు తట్టుకోలేకపోయారు. ఈ కుర్రాడు పోలీసు తోలుతోనైనా సరే మొదటి నుంచీ బూట్లలోనే పెరిగాడు.

ఇక రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈమధ్య చాలామంది విన్నారు. వృత్తికి స్కూల్ టీచరు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ, భారత జట్టుకీ కోచ్. ఆయన చేతిలో సిటీ పోలీస్ వరసగా ఐదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన ఒక మ్యాచ్‌లో బలరాంని చూసి హైదరాబాద్ జట్టు ట్రయల్స్‌కి రమ్మన్నారు. కుర్రాడు రాలేనన్నాడు. అమ్ముగూడ నుంచి సిటీలో గ్రౌండ్ దాకా రోజూ వచ్చిపోవాలంటే సైకిల్ కావాలి, కిరాయికి తీసుకోవాలన్నా డబ్బుల్లేవు. ఆ కిరాయి డబ్బులు రహీం సాబే ఇచ్చారు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అంత లాభం తెచ్చిన ఖర్చు ఇంకొకటి లేదని నేను మా పిల్లలతో అంటుంటాను.

రహీం సాబ్ తర్ఫీదు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. బలరాం ఎందుకు గొప్ప అనే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. ఆ రోజుల్లో ఫార్వర్డ్ అంటే డ్రిబ్లింగ్. నలుగురిని తప్పించి గ్యాలరీ చేత వాహ్వా అనిపించుకోవాలి, గోల్ తర్వాత సంగతి. రహీం సాబ్ ఆ జబ్బు కుదర్చడానికి డ్రిబ్లింగే చెయ్యకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే వదిలెయ్యాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. నేను పిల్లల చేత ఇదే చేయించినప్పుడు మొదటి వారం ఏడుస్తారు. కుడికాలివాడిని ఎడమకాలితో ఆడమంటే వాడికి వాడే కొత్తవాడిలా కనిపిస్తాడు. మూడు నెలలు పోయాక చూడండి, బ్యాక్‌కి, అంటే గోల్ ముందు కాపలా కాసే ఆటగాడికి, వీణ్ని ఎటు నుంచి ఆపాలో తెలియదు.

అప్పటి జట్లలో ముందు వరసలో ఐదుగురు ఉండేవారు. రెండు కొసల్లో అవుట్‌లు, వాళ్ల పక్కన ఇన్‌సైడ్‌లు, నడుమ సెంటర్ ఫార్వర్డ్. మామూలుగా ఒక్కొక్కరిది ఒక్కో పని. బలరాంని లెఫ్ట్ అవుట్‌లో పెట్టినా, ఇన్‌సైడ్‌లో పెట్టినా, నడుమ నిలబెట్టినా అక్కడ పుట్టినవాడిలా ఆడేవారట. పైగా వెనక్కి దిగి హాఫ్‌ల (నడిమి వరస ఆటగాళ్ల) దగ్గర బంతి తీసుకుని ఆట నడిపేవారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించిన 4-2-4ని (వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు) రహీం సాబ్ మన జట్టులోకి తెచ్చారు. అందులో ముందున్న నలుగురూ స్థానాలు మార్చుకుంటూ ఉండాలి, ఒక్కడు నిలబడిపోయినా మొత్తం చెడుతుంది. అలాంటి ఏర్పాటుకు బలరాం లాంటివాడు దొరకడం రహీం సాబ్ అదృష్టం, రహీం సాబ్ దొరకడం బలరాం అదృష్టం. మా సీనియర్ ఒకాయన, లెఫ్ట్ బ్యాక్, ఇలా చెప్పేవారు: "పీకేని ఆపాలంటే పరుగెత్తాలి. చునీని ఆపాలంటే కాళ్లు చూడాలి. బలరాంని ఆపాలంటే ముందు వాడెక్కడున్నాడో వెతుక్కోవాలి."

పీకే అంటే పి.కె. బెనర్జీ, చునీ అంటే చునీ గోస్వామి. ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులనేవాళ్లు.

1956లో బలరాం హైదరాబాద్ జట్టులోకొచ్చారు, అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోకీ వచ్చారు. ఇరవై ఏళ్లవాడు. ఆ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, చివరికి 1-4. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. నాలుగో స్థానం! ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా హైదరాబాదీలే ఒక పటాలం. ఇది చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. హైదరాబాద్ జట్టు 1956-57లోనూ 1957-58లోనూ వరసగా, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. మరుసటి ఏడాది బెంగాల్ గెలిచింది. అప్పటికి బలరాం బెంగాల్‌కి ఆడుతున్నారు!

ఎందుకంటే 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఆయన్ని కలకత్తా తీసుకెళ్లిపోయింది. అప్పట్లో ఫుట్‌బాల్ మీద బతకాలంటే కలకత్తా మైదాన్‌కి పోవాల్సిందే. మన దగ్గర పోలీసు జట్టులో ఉద్యోగం దొరుకుతుంది, పేరు కూడా వస్తుంది, కానీ రోజూ వేలమంది టికెట్ కొనుక్కుని లీగ్ మ్యాచ్ చూసే ఊరు అదొక్కటే. మీరు 'ప్రొఫెషనల్' జీవితం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కాగితం మీద అప్పుడు ప్రొఫెషనల్ అన్నవాడే లేడు. అందరూ అమెచ్యూర్లే, ఒలింపిక్స్ నియమం అది. అసలు సంగతి వేరు. క్లబ్ ఏదో ఒక రూపంలో డబ్బు ముట్టజెప్పేది, లేకపోతే రైల్వేలోనో కస్టమ్స్‌లోనో ఉద్యోగం చూపించేది. రాతకోతలు లేని ఒప్పందం. కాలు బాగున్నన్నాళ్లు అంతా బాగుంటుంది.

ఈస్ట్ బెంగాల్‌కి ఆయన 100కి పైగా గోల్స్ కొట్టారు. 1961లో కెప్టెన్. ఆ ఏడాది క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది, అంతకుముందు గెలిచింది 1952లో. తొమ్మిదేళ్లు ఆకలితో ఉన్న క్లబ్ అభిమానులకు ఆ కెప్టెన్ ఎవరై ఉంటాడో మీరే ఊహించుకోండి. భాష రాని ఊరికి వెళ్లి అక్కడి మనిషైపోయారు. చివరిదాకా అక్కడే ఉండిపోయారు కూడా, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో.

రోమ్ గురించి చెప్పకపోతే బలరాం గురించి చెప్పినట్టే కాదు. 1960 ఒలింపిక్స్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాత 1967లో యూరప్ అత్యుత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నవాడు. అలాంటి జట్టుతో మనం 1-2తో ఓడాం. ఆ ఒక్కటీ బలరాం గోల్. ఫ్రాన్స్‌తో 1-1. పీకే గోల్‌తో ముందున్నాం, చివర్లో వాళ్లు సమం చేశారు, లేకపోతే గెలిచేవాళ్లమే. పెరూతో 1-3, ఆ ఒక్కటీ మళ్లీ బలరాందే. మూడు మ్యాచ్‌ల్లో మనవి మూడు గోల్స్, అందులో రెండు అమ్ముగూడవి. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కి ఇంతవరకూ వెళ్లనే లేదు. అంటే ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ కొట్టిన చివరి గోల్ ఈరోజుకీ మన సికింద్రాబాద్ మనిషి పేరు మీదే ఉంది. ఈ సంగతి ఎక్కడైనా పాఠ్యపుస్తకంలో చూశారా?

రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని మన అధికారి సోంధీ తప్పుబట్టారు, దాంతో అక్కడి జనం మన జట్టు కనిపిస్తే చాలు మండిపడే పరిస్థితి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో ఓడించాం. జపాన్ మీద ఒక గోల్ పీకేది, ఒకటి బలరాంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ అదే కొరియాతో. స్టేడియంలో లక్షమంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో ఒక గోల్ పీకే, ఇంకొకటి ఆ కుట్ల తలతో జర్నైల్. 2-1, స్వర్ణం. బలరాంతో పాటు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా మనవాళ్లే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఫైనల్ స్కోరు పట్టికలో బలరాం పేరు లేదు. ఫార్వర్డ్‌కి ఇది బాగా గుచ్చుకునే విషయం, ఆడినవాళ్లకు తెలుస్తుంది. ఒక బ్యాక్‌ని తెచ్చి సెంటర్ ఫార్వర్డ్ చేస్తే ఆ చుట్టుపక్కల ఆట అల్లాల్సింది మిగతా ముందు వరసే. ఆ పని చేసినవాడి పేరు మర్నాడు పేపర్లో రాదు. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు ఇచ్చారు.

ఆ మరుసటి ఏడాదే అంతా అయిపోయింది.

ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకి, అందరూ బీఎన్‌ఆర్ అనే జట్టుకి, వెళ్లారు. అక్కడుండగా ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ఆట మానెయ్యాలన్నారు. 1963, వయసు 27. మోకాలు పోతే ఫార్వర్డ్ కుంటుతూ అయినా రెండు సీజన్లు లాగుతాడు. నేను లాగాను. ఒక టోర్నమెంట్‌లో మా టీం వాళ్లు ఇంజెక్షన్ వేయించి మరీ దించారు, దానికి ఫలితం ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు కనిపిస్తుంది. ఊపిరితిత్తులు పోతే మాత్రం ఏ ఇంజెక్షనూ లేదు. లీగ్ మ్యాచ్‌లు అప్పట్లో 90 నిమిషాల కంటే తక్కువే, కానీ ముందుకీ వెనక్కీ తిరిగే బలరాం లాంటివాడికి అది తక్కువేం కాదు. ఊపిరి మీద ఆధారపడిన ఆట ఆయనది. అదే సంవత్సరం జూన్ 11న రహీం సాబ్ పోయారు, క్యాన్సర్‌తో. ఆ రెండూ ఒకే ఏట జరిగాయి. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తుకు రాలేదు. నా లెక్కలో మన ఫుట్‌బాల్‌కి 1963 ఒక సరిహద్దు గీత.

ఆయన 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు, 86 ఏళ్లు. త్రిమూర్తుల్లో చివరివారు ఆయనే. పీకే, చునీ 2020లో నెలా పది రోజుల తేడాతో వెళ్లిపోయారు. పీకేకి పద్మశ్రీ వచ్చింది, చునీకి వచ్చింది. బలరాంకి రాలేదు. దీనికి రకరకాల కారణాలు చెబుతారు గానీ నాకు తోచింది ఒకటే. పీకే తర్వాత పెద్ద కోచ్ అయ్యారు, చునీ క్రికెట్లో బెంగాల్‌ని రంజీ ఫైనల్‌కి తీసుకెళ్లారు, ఇద్దరూ జనం కళ్ల ముందే ఉన్నారు. బలరాంకి అలాంటి రెండో జన్మ లేదు. పైగా కలకత్తావాళ్లకు ఆయన హైదరాబాద్ వాడు, హైదరాబాద్ వాళ్లకు కలకత్తా వెళ్లిపోయినవాడు. అవార్డుకి పేరు రాసి పంపాల్సిన బాధ్యత ఎవరిదంటే ఇద్దరూ అవతలివాడి వైపు చూస్తారు.

ఇక మీ మూడో ప్రశ్న, ఈ రోజుల్లో ఫార్వర్డ్ జీవితం ఎలా ఉంటుందని.

దీనికి ఇంకో సికింద్రాబాద్ మనిషిని చూడండి. సునీల్ ఛెత్రి 1984లో ఇక్కడే పుట్టాడు, తండ్రి ఆర్మీలో. పెరిగింది వేరే ఊళ్లలో కాబట్టి మనవాడని గట్టిగా చెప్పుకోవడానికి నాకు మొహమాటం. కానీ బలరాం మానేసిన వయసుకి ఛెత్రి ఎక్కడున్నాడో చూడండి. 27 ఏళ్లకి అతను ఎక్కడా పట్టుమని కుదురుకోలేదు. మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, అమెరికాలో కాన్సస్ సిటీ, ఇలా తిరుగుతూనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో ఒక క్లబ్ తీసుకుంటానంటే భారత్ ర్యాంకు తక్కువని అక్కడ వర్క్ పర్మిట్ రాలేదు. పోర్చుగల్ వెళ్లాడు, రిజర్వు జట్టుతో సరిపెట్టుకుని తిరిగొచ్చాడు. 2013లో బెంగళూరు చేరాకే కుదురుకున్నాడు. 2024లో వీడ్కోలు చెప్పి, 2025లో మళ్లీ వచ్చి 40 ఏళ్ల వయసులో మాల్దీవుల మీద దేశానికి 95వ గోల్ కొట్టాడు. ఆ వయసులో ఆ పరుగు వెనక తిండి, నిద్ర, డాక్టర్లు, ఫిజియోలు, రాతపూర్వక కాంట్రాక్టు ఉన్నాయి. బలరాంకి వీటిలో ఒక్కటీ లేదు.

అయితే కాంట్రాక్టు ఉంటే భద్రత ఉన్నట్టేనని అనుకోకండి. ఛెత్రి ఆడిన జేసీటీ క్లబ్ 2011లో మూతపడింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, అప్పుడు నేను గోవా నుంచి వచ్చిన స్కోరు చూసి కుర్రాడిలా గంతులేశాను. ఆ తర్వాత డబ్బు చిక్కులు, జీతాల గొడవలు, చివరికి 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇంకో సంగతి. ఐఎస్‌ఎల్ గెలిచిన ఆ సీజన్‌లో హైదరాబాద్‌కి 18 గోల్స్ కొట్టినవాడు నైజీరియా ఆటగాడు ఓగ్బేచే. డబ్బున్న క్లబ్ ముందుగా విదేశీ ఫార్వర్డ్‌నే కొంటుంది, ఎందుకంటే గోల్ కొట్టేవాడి కోసం ఎవరూ ఆగలేరు. మన పిల్లాడిని మాత్రం వింగ్‌కో బ్యాక్‌కో జరుపుతారు. అందుకే మా దగ్గరకొచ్చే ప్రతి తండ్రికీ నేను ఒకటే చెబుతాను. 'మావాడు స్ట్రైకరే' అని పట్టుబట్టకండి, ఎక్కడ పెట్టినా ఆడేలా తయారుకానివ్వండి. చదువు మాత్రం ఆపకండి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి, నా ఇంట్లో పొయ్యి దానిమీదే వెలిగింది.

మీ అబ్బాయి కుడికాలివాడా, ఎడమకాలివాడా రాయలేదు. ఏదైనా సరే, రేపటి నుంచి రోజూ అరగంట రెండో కాలితో గోడకి బంతి తన్నించండి. కుడివాడైతే ఎడమతో, ఎడమవాడైతే కుడితో. మూడు వారాల తర్వాత ఏ ఆదివారమైనా అమ్ముగూడ వైపు రండి, పొద్దున ఆరింటికి మేం గ్రౌండ్‌లోనే ఉంటాం. నీళ్ల సీసా మాత్రం మర్చిపోవద్దు, మా కుళాయి పాడై ఏడాదైంది.